ఒంటికాలి చెప్పు

హుజూర్‌నగర్,
10 జూలై 1988

అల్లుడు వహీద్‌కు మామ అబ్దుల్ హమీద్ సలాం చెప్పి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం అని రాయడం అలవాటు కాబట్టి రాశాను. నిజానికి మీ అత్త ఇక్బాల్ బీకి మోకాళ్లు పట్టేశాయి. వానకు దుకాణం ముందర మడుగు కట్టింది. కిరాయికి పోయిన సైకిల్ ఒకటి బెల్లు లేకుండా తిరిగొచ్చింది. ఆ బెల్లు ఎవడు పీక్కున్నాడో నాకు తెలుసు. రుజువు దొరకనీ, అప్పుడు చెబుతాను వాడి సంగతి.

అసలు విషయానికి వస్తాను. మొన్న మధ్యాహ్నం బస్సుకు షరీఫా దిగింది. ఒక్కతే దిగింది. "ఏం బిడ్డా, చెప్పకుండ జెయ్యకుండ వచ్చినవ్?" అంటే, "ఊరికెనే అబ్బా, మిమ్ముల జూడబుద్ధైంది" అన్నది. ఊరికే వచ్చే ఆడపిల్ల చేతిసంచితో వస్తుంది. ఇది రేకు పెట్టె మోసుకొచ్చింది. పైగా బట్టలన్నీ చలికాలం దుప్పటితో సహా తెచ్చుకుంది. జూలైలో దుప్పటి ఎందుకు? చలికాలం దాకా ఉండే ఆలోచన ఉంటేనే కదా.

నీ గురించి అడిగితే "మంచిగనే ఉన్నడు" అని వంటింట్లోకి పోయింది. మొగుడి క్షేమం ఆ గొంతుతో చెప్పే భార్యను నేను చూడలేదు.

నువ్వు నాకు అల్లుడివి కాకముందు మేనల్లుడివి. నా చెల్లె హుస్సేన్ బీ పోయాక ఈ సైకిల్ దుకాణంలోనే పంచర్లు వేస్తూ పెరిగావు. కన్నకొడుకు యాకూబ్‌కూ నీకూ మీ అత్త ఒకే పళ్లెంలో పెట్టింది. ఆ చనువుతో అడుగుతున్నాను, మొహమాటం లేదు. ఏం చేశావు?

జవాబు కార్డు మీద రాయకు. మా పోస్టుమ్యాన్ లింగస్వామి ముందు తాను చదువుకుని తర్వాత నాకు ఇస్తాడు. కవరులో రాయి, గట్టిగా అంటించు.

నీ మంచిని ఇప్పటిదాకా కోరుతున్న
మామ

*

షాద్‌నగర్,
17 జూలై 1988

మామగారికి వహీద్ సలాములు.

మీ ఉత్తరం అందింది. కవరులోనే రాస్తున్నాను, అన్నం మెతుకులతో అంటించాను కూడా. అత్తమ్మ మోకాళ్లకు ఆముదం కాచి పట్టించండి. ఆ బెల్లు విషయంలో తొందరపడి ఎవరినీ అనకండి, అదే ఊడి పడిపోయి ఉండొచ్చు.

ఇక్కడ ఏమీ జరగలేదు మామా. షరీఫాకు మిమ్మల్ని చూడాలనిపించింది, నేనే పొమ్మన్నాను. ఈ మధ్య ఫ్యాక్టరీలో పని ఎక్కువైంది. సెలవని లేదు, ఐతారాలు కూడా డ్యూటీ వేస్తున్నారు. రోజంతా మెషిన్ల రొదలో నిలబడి వచ్చేసరికి మనిషికి మాట్లాడే ఓపిక ఉండదు. దాంతో ఆమెకు తోచక ఏదో మనసులో పెట్టుకుని ఉంటుంది.

పీర్ల పండుగ దాకా ఉంచుకుని పంపండి. అన్నం నేనే వండుకుంటున్నాను. మాడిపోతోంది, అయినా తింటున్నాను.

మీ
వహీద్

*

హుజూర్‌నగర్,
24 జూలై 1988

అల్లుడికి సలాం.

మాడిన అన్నం తింటున్నావని చదివి మీ అత్త కళ్లు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు.

ఐతారం డ్యూటీ అన్నావు. మన సైదులు వారానికి ఒకసారి మీ ఫ్యాక్టరీకి లారీలో సరుకు తెస్తాడని మరిచావా? అడిగాను. "ఐతారమా? ఐతారం గేటుకు తాళమే హమీద్ భాయ్, కుక్క గూడ ఉండది ఆడ" అన్నాడు. తాళం వేసిన ఫ్యాక్టరీలో నువ్వేం డ్యూటీ చేస్తున్నావో వివరంగా రాయి.

షరీఫా నోరు విప్పింది. నాకు చెప్పలేదు, తల్లికి చెప్పింది, తల్లి నాకు చెప్పింది. నీ సంచిలో ఆడదాని చెప్పు దొరికిందట. ఎర్రది. ఒక్కటే, ఎడమకాలిది. దాంతో పాటు గోళ్లరంగు సీసా. అడుగున ఇంకేముందో చూడకుండానే సంచి మూతి కట్టేసిందట. షరీఫా పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి గోళ్లకు గోరింటాకే తప్ప రంగు పూసింది లేదు. మరి ఆ సీసా ఎవరిది? ఎర్ర చెప్పు ఎవరిది? రెండో కాలి చెప్పు ఎక్కడుంది? ఒంటికాలి మనిషితో తిరుగుతున్నావా ఏం?

నాకు కోపం వస్తే ఎట్లా ఉంటుందో నీకు తెలుసు. ఇంకా రాలేదు. దారిలో ఉంది.

మామ

*

షాద్‌నగర్,
30 జూలై 1988

మామగారికి సలాములు.

నిండు కుండ లాంటి మనిషి మీరు, ఇట్లాంటి మాటలు రాస్తారనుకోలేదు.

ఆ చెప్పు రోడ్డు మీద దొరికింది. రబ్బరు మంచిగా ఉంది, తలుపు కొట్టుకోకుండా కింద పెట్టడానికి పనికొస్తుందని తెచ్చాను. గోళ్లరంగుతో టిఫిను డబ్బా మీద నా పేరు రాసుకున్నాను. ఇక్కడ డబ్బాలు మారిపోతుంటాయి. ఐతారాలు డ్యూటీ కాదు, నిజమే. దోస్తులతో ఊరికే అట్లా తిరిగొస్తాను. అది చెబితే పనిలేనివాణ్నని అనుకుంటారని డ్యూటీ అని రాశాను.

నాకూ ఒక మాట తెలియాలి. సైదులు సరే, నా మీద లేనిపోని అనుమానాలు మోసేది ఇంకెవరు? మా ఇంటి ఓనరు బాలనర్సమ్మే అయి ఉండాలి. కందకు లేని దురద కత్తిపీటకు ఎందుకో! ఇంకో మాట కూడా విన్నాను. ఎవరో స్కూటరు మీద ఒకాయన రెండుసార్లు మీ ఇంటికి వచ్చి వెళ్లాడట. మిర్యాలగూడ వాడట, ఇస్త్రీ బట్టలట. షరీఫా ఉన్న ఇంటికి ఆయన ఎందుకు వస్తున్నాడు? మీ మనసులో వేరే సంబంధం ఏమైనా ఉంటే సూటిగా చెప్పండి మామా. పెట్టెతో, దుప్పటితో వెళ్లిందని మీరే రాశారు. ఆ దుప్పటి మీరే తెమ్మన్నారేమోనని నాకూ అనుమానం రాదా?

వహీద్

*

హుజూర్‌నగర్,
7 ఆగస్టు 1988

వహీద్‌కు.

ఈసారి సలాం లేదు. కోపం వచ్చింది.

ఆ స్కూటరు మనిషి దవాఖాన కాంపౌండరు. మీ అత్త మోకాలికి సూది వేయడానికి వచ్చాడు. ముగ్గురు పిల్లల తండ్రి, బట్టతల. గుమ్మడికాయల దొంగ అంటే నువ్వు భుజాలు తడుముకోవడమే కాక నా భుజాలు కూడా తడుముతున్నావు. శభాష్.

బాలనర్సమ్మే చెప్పింది. దాచను. యాదగిరిగుట్టకు పోయి వస్తూ చుట్టాల ఇంటికని హుజూర్‌నగర్ వచ్చింది, షరీఫాను చూడ్డానికి ఇంటికొచ్చింది. ఆమె అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను: "చెప్పొద్దనుకున్న గని పానం ఊకుంటలేదు. ఊరవతల చెర్వు కట్టకింద మిరపకాయ బజ్జీలు ఏసే మారెమ్మ గుడిసె లేదా, అండ్లకెల్లి ఐతారం పొద్దుగూకాల మీ అల్లుడు బయటికొస్తుంటె జూసిన. నెత్తి తడి తడిగున్నది. నిమ్మకాయ సబ్బు వాసన నా దాక వచ్చింది."

షరీఫా ఇది విని లేచి వెళ్లి పొయ్యి మీద పాలు దించింది. పాలు ఇంకా కాగలేదు. తర్వాత మెల్లగా చెప్పింది, ప్రతి ఐతారం నువ్వు స్నానం చేసి ఇంటికొస్తావని. పొద్దున ఇంట్లో స్నానం చేసి పోయేవాడు సాయంత్రం పరాయి గుడిసెలో మళ్లీ ఎందుకు చేస్తాడు? వాసన సబ్బు ఏ వాసన పోగొట్టడానికి?

వినిపించుకో. ఈ నెల పీర్ల పండుగ. రా. జాన్‌పహాడ్ దర్గాకు పోదాం. మా యాకూబ్ చెరువులో మునిగి పోయిన తర్వాత, నీతో నిఖాకు ఒప్పుకోవడానికి షరీఫా ఒకే ఒక్క షరతు పెట్టింది. నువ్వు ఇక జన్మలో గాలం పట్టొద్దని. నాలుగేళ్ల కింద ఆ దర్గా గడప మీద చేయి పెట్టి మాటిచ్చావు. అదే గడప మీద మళ్లీ చేయి పెట్టు. ఏ పాపం ఎరుగనని చెప్పు. నీ మాట నమ్మి మరుసటి బస్సుకే పిల్లను పంపిస్తాను.

రాకపోతే మసీదులో జమాత్ పెద్దలను కూర్చోబెడతాను. ఆ పైన పెళ్లి నిలుస్తుందో తెగుతుందో వాళ్ల నోటి మాట.

అబ్దుల్ హమీద్

*

షాద్‌నగర్,
13 ఆగస్టు 1988

మామా,

నేను రాలేను. వచ్చినా ఆ గడప మీద చేయి పెట్టలేను. ఎందుకని అడగొద్దు.

నా జీవితంలో షరీఫా తప్ప వేరే ఆడది లేదు. మారెమ్మ మా అమ్మ కంటే పెద్దది. నమ్మితే నమ్మండి. పెద్దలను మాత్రం కూర్చోబెట్టొద్దు, మీ కాళ్లు పట్టుకుంటాను. ఆమె లేని ఇంట్లో నేను ఉండలేను.

ఇంకొక్క మాట. బియ్యం డబ్బా వెనక ఒక గుడ్డసంచి ఉండేది, ఇప్పుడు కనిపించడం లేదు. షరీఫా తన పెట్టెలో పెట్టుకుని వచ్చినట్టుంది. దాన్ని విప్పొద్దని చెప్పండి. అట్లాగే కట్టి ఉంచమనండి.

వహీద్

*

హుజూర్‌నగర్,
19 ఆగస్టు 1988

అల్లుడా,

విప్పొద్దని రాస్తే విప్పకుండా ఉండేవాడు ఈ ఇంట్లో ఎవడున్నాడు? సంచి తెచ్చి దుకాణంలో బల్ల మీద బోర్లించాను. షరీఫాను, మీ అత్తను లోపలికి పొమ్మన్నాను. నీ సిగ్గు నేనొక్కణ్నే చూద్దామనుకున్నాను.

ముందు ఎర్ర చెప్పు, మడమ వైపు సగం కోసి ఉంది. తర్వాత పచ్చది, నీలిది. అన్నీ ఆడవాళ్లవే, అన్నీ ఒంటికాలివే. షాద్‌నగర్‌లో ఇంత మంది ఎట్లా అనుకున్నాను. తర్వాత సవరం ఒకటి, కొస కత్తిరించింది. చెవికమ్మల పూసలు. గోళ్లరంగు. ఇక చాలు, మసీదుకు పోతానని లేచాను. లేస్తుంటే సంచి అడుగు నుంచి సైకిల్ చక్రపు పుల్ల ఒకటి జారి నా కాలి మీద పడింది.

పుల్ల రెండు కొసలూ మెలితిప్పి ఉన్నాయి. మూడు చుట్లు తిప్పి, కొసను మళ్లీ లోపలికి మడిచి, వేలికి గుచ్చుకోకుండా అదిమి. వహీద్, ఆ మెలిక నాది. అట్లా తిప్పేవాడు ఈ జిల్లాలో నేను తప్ప లేడు. నేను దాన్ని నేర్పింది ఇద్దరికే. అందులో ఒకడు ఖబరస్తాన్‌లో ఉన్నాడు.

అప్పుడు మళ్లీ బల్ల మీదికి చూశాను. చెప్పు చెప్పులా లేదు. మడమ ముక్కను గుండ్రంగా చెక్కావు, మూతి చేశావు, కింద పొట్టకు ఎర్రరంగు వేశావు. పూసలు కళ్లు. సవరం వెంట్రుకలు వెనక కాళ్లు. దొంగకప్ప! మా కాలంలో తేలికైన పొణికి కర్రతో చెక్కి ట్యూబు ముక్కలతో కాళ్లు పెట్టేవాళ్లం కాబట్టి నాకు ఇన్నాళ్లూ తట్టలేదు. తామరాకుల మధ్య నీళ్ల మీద దాన్ని చిటుకు చిటుకుమని లాగుతుంటే కొర్రమట్ట చేప కింద నుంచి లేచి ఠప్పున కొట్టే కప్ప. ఎర్ర చెప్పు ఆడది కాదు, కొర్రమట్టకు ఎర!

నవ్వు ఆగలేదు. మీ అత్త లోపలి నుంచి "ఏమైంది, దమ్ము వచ్చిందా?" అని అరిచింది. పంచర్లు చూసే నీళ్ల తొట్టిలో నీ కప్పను వేసి చూశాను. పక్కకు ఒరుగుతోంది. పొట్ట కింద కాస్త సీసం అదమాలి. ఇట్లాగేనా నేను నేర్పింది?

తర్వాత నవ్వు పోయింది. దర్గా గడప గుర్తొచ్చింది. నువ్వు చేయి ఎందుకు పెట్టలేనన్నావో తెలిసింది. అంత ఒట్టు వేసి మళ్లీ గాలం పట్టావా? నిన్ను తిట్టాలో, వేరే ఆడది లేనందుకు అల్లాకు షుకర్ చెప్పుకోవాలో తెలియక ఆ కప్పనే అటూ ఇటూ తిప్పి చూశాను. పిల్లలను కాచుకుంటున్న కొర్రమట్ట ఆకలితో కొట్టదు, అనుమానంతో కొడుతుంది. నీళ్ల మీద ఏది కదిలినా దానికి శత్రువే. నెల రోజులుగా నేనూ చెప్పు ముక్కనే కొడుతూ వచ్చాను.

జమాత్ మాట మరిచిపో. ఫికర్ చేయకు. పండుగనాడు పీర్లకు మలీద పెట్టి, షరీఫాకు మెల్లగా చెబుతాను. ఆడది కాదు, చేప అని తెలిస్తే పిల్ల ప్రాణం లేచొస్తుంది. బస్టాండుకు వచ్చి నిలబడడానికి తయారుగా ఉండు.

నీ మామ

*

షాద్‌నగర్,
22 ఆగస్టు 1988

మామా, చెప్పొద్దు. ఈ ఉత్తరం పండుగ లోపల చేరాలని పోస్టాఫీసులో పెట్టె తీసే మనిషి చేతికే ఇస్తున్నాను. చెప్పొద్దు.

ఆడది ఉందనే అనుకోనివ్వండి. ఆ తప్పుకు ఎప్పుడో ఒకప్పుడు నన్ను క్షమిస్తుంది. దీనికి క్షమించదు. పెళ్లి అయిన కొత్తలో ఒకరోజు నాతో అన్నది: "నువ్వు తాగి వచ్చినా తలుపు దీస్త. తడి కాళ్లతో వస్తె మాత్రం తియ్య." అందుకే మారెమ్మ గుడిసెలో కడుక్కుని, తుడుచుకుని, సబ్బు వాసన పూసుకుని వచ్చేవాణ్ని. పట్టిన చేపలన్నీ మారెమ్మకే ఇచ్చాను. ఒక్క ముక్క నేను నోట్లో పెట్టలేదు.

ఎందుకు మొదలుపెట్టానంటే ఏం చెప్పను. ఫ్యాక్టరీలో రోజంతా మెషిన్ల రొద. ఇంటికొచ్చినా చెవుల్లో అదే. పోయిన ఏడు ఒకరోజు సైకిలు మీద ఆ చెరువు కట్ట మీదుగా వస్తుంటే తుంగలో ఠప్పుమన్నది. కొర్రమట్ట కప్పను కొట్టింది. ఆ ఒక్క చప్పుడుకు చెవుల్లో రొద ఆగిపోయింది మామా. యాకూబ్ పక్కనే నిలబడి "ఇన్నవా?" అన్నట్టే ఉంది. నేను సైకిలు దిగాను. అంతే.

సందు చివర చెప్పులు కుట్టే నర్సింగమ్మ మొగుడి దగ్గర పారేసిన ఒంటి చెప్పులు కుప్పగా ఉంటాయి. ఆడవాళ్ల చెప్పు రబ్బరు మెత్తగా, తేలికగా ఉంటుంది, నీళ్ల మీద బాగా నిలుస్తుంది. సవరమేమో, వెంట్రుకలకు స్టీలు గిన్నెలిచ్చేవాడి దగ్గర తీసుకున్నాను. ఇదీ సంగతి. మీరు రాసిన ఆడవాళ్లందరూ వీళ్లే.

దయచేసి చెప్పొద్దు.

వహీద్

*

హుజూర్‌నగర్,
28 ఆగస్టు 1988

వహీద్‌కు సలాం.

నీ ఉత్తరం పండుగ అయిన మర్నాడు చేరింది. చెప్పేశాను.

సంతోషపు వార్త మోసుకొచ్చినవాడిలా చెప్పాను. కప్పను చేతిలో పెట్టి, "గిదేనమ్మ నీ సవతి" అని నవ్వాను కూడా. మీ అత్త నా వీపు మీద ఒకటి చరిచింది, కానీ అప్పటికే ఆలస్యమైంది. షరీఫా ఆ కప్పను చూసింది. పుల్ల మెలికను వేలితో తడిమింది. ఇన్ని రోజులూ ఏడవని పిల్ల గోడకు ఆనుకుని ఏడ్చింది.

"ఆడదైతె పోయి జుట్టు వట్టుకోని గుంజుకొస్తుంటి అబ్బా," అన్నది. "నీళ్లల్లకు పోయినోన్ని ఎట్ల గుంజుకరావాలె? భాయ్‌ని గుంజుకొచ్చిన్నా?"

నీకు తెలిసిందే, ఆ రోజు కట్ట మీద ఉన్నది ఆమే. కప్ప తామర కాడల్లో తగులుకుంటే యాకూబ్ గాలపు కర్రను చెల్లెలి చేతికిచ్చి, "జర వట్టుకో, ఇప్పుడే వస్త" అని దిగాడు. కాళ్లకు తీగలు చుట్టుకున్నాయి. మేం ఉరికొచ్చేసరికి పిల్ల ఇంకా ఆ కర్రను పట్టుకునే నిలబడి ఉంది. వదలమంటే వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే మేమే విప్పాం.

ఆ కర్రను నేను విరిచి పొయ్యిలో పెట్టాను. చెక్కే కత్తిని దూలంలో గుచ్చాను. ఈ ఆరేళ్లలో దాన్ని ముట్టలేదు.

ఆడదని నేను భయపడ్డాను. నా బిడ్డ ఆడదే కావాలని కోరుకుంది. నెల రోజులు పక్కన కూర్చుని కూడా నేను తెలుసుకోలేకపోయాను. ఇంత అనుమానపు బుర్ర పెట్టుకుని ఏం లాభం?

రానంటోంది. నేను బలవంతం చేయను. ఒకే ఒక్క మాట నిన్ను అడగమన్నది: "తలిగితె దిగుతడా?" కప్ప తామరలో తగులుకుంటే నీళ్లలో దిగావా, ఎప్పుడైనా? నీ జవాబు ఆమే చదువుతుంది. అబద్ధం రాయకు. నీకు అబద్ధాలు రావు, టిఫిను డబ్బా నాడే చూశాను.

మామ

*

షాద్‌నగర్,
3 సెప్టెంబరు 1988

మామగారికి సలాములు. షరీఫాకు కూడా.

దిగాను. ఒక్కసారి.

ఎర్ర కప్ప తగులుకుంది. అది నేను చేసినవాటిలో మంచిది. అదే ఎన్నో కొర్రమట్టలను తెచ్చింది. నా దగ్గర అప్పుడు అదొక్కటే ఉంది, మళ్లీ అట్లాంటి రబ్బరు దొరకదనుకున్నాను. లుంగీ ఎగగట్టి నడుము దాకా పోయాను. కాలికి ఏదో మెత్తగా తాకింది. యాకూబ్ గుర్తొచ్చాడు, షరీఫా చేతిలోని కర్ర గుర్తొచ్చింది. కప్పను అక్కడే వదిలి వెనక్కి వచ్చాను. గట్టు మీద కూర్చుంటే దవడలు కొట్టుకున్నాయి. మారెమ్మ చూసి జ్వరమనుకుని చాయ్ ఇచ్చింది. సంచిలో ఉన్న ఎర్ర చెప్పు, దాని బదులు మళ్లీ చేద్దామని తెచ్చిన ముక్క.

షరీఫా మానమంటే మానేస్తానని రాయాలని కూర్చున్నాను. రాయలేకపోయాను. ఒకసారి దర్గా ముందు అదే చెప్పాను కదా. ఆ మాట తప్పినవాడి రెండో ఒట్టును నేనే నమ్మను, ఆమెను ఎట్లా నమ్మమంటాను? ఆమె ఏం చెబితే అదే చేస్తాను. రానంటే నేను రోజూ తలుపు తీసే ఉంచుతాను. ఇంతకంటే నా దగ్గర మాట లేదు.

పట్టుకునే కర్ర, దారం, ముళ్లు అన్నీ మారెమ్మ గుడిసెలో పడేశాను. ఆమె చెబితే తప్ప ముట్టను.

వహీద్

*

హుజూర్‌నగర్,
14 సెప్టెంబరు 1988

మా అల్లుడు వహీద్‌కు మామ సలాం, అత్త దువా.

ఇక్కడ అందరం బాగున్నాం. ఈసారి అలవాటు కొద్దీ రాయలేదు. మీ అత్త మోకాలు వంగుతోంది. సైకిల్ బెల్లు కూడా దొరికింది. మడుగు ఎండితే దుకాణం ముందరే బురదలో కనిపించింది. నువ్వు చెప్పినట్టు అదే ఊడి పడింది. నేను అనుమానపడినవాడికి ఒక పంచరు ఊరికే వేసి పంపాను, ఎందుకని అడిగాడు, చెప్పలేదు.

నీ ఉత్తరం షరీఫా చదివి మడిచి పెట్టుకుంది. నాకైతే నువ్వు దిగలేదని రాసి ఉంటే బాగుండేదనిపించింది. నిజం రాసి చెడగొట్టావని మీ అత్తతో అన్నాను కూడా. మొన్న పొద్దున నేను చక్రం బిగిస్తుంటే వచ్చి బల్ల ముందు నిలబడింది. కాళ్ల చెప్పులు విడిచి బల్ల మీద పెట్టింది. రెండూ.

"కొయ్యి అబ్బా," అన్నది.

"ఏందమ్మా?"

"ఒక్కటే ఉన్నదని దిగిండు. భాయ్ దగ్గర గూడ ఆ దినం ఒక్కటే ఉండె. సంచెడు ఉంటె ఎవడు దిగుతడు? నువ్వు కొయ్యి."

నేను దూలం వైపు చూశాను. ఆమే స్టూలెక్కి కత్తిని పీకింది. తుప్పు పట్టి ఉంది. సానను తాను తిప్పింది, కత్తిని నేను పట్టుకున్నాను. మొదటి కప్ప చెడిపోయింది, మూతి వంకర పోయింది. రెండోది నిలబడింది. నీళ్ల తొట్టిలో వేస్తే తిన్నగా తేలింది. షరీఫా కూర్చుని పుల్లలు మెలితిప్పింది. ఆమెకు నేను ఎప్పుడూ నేర్పలేదు, యాకూబ్ నేర్పాడట. నాకు తెలియదు ఆ సంగతి. ఇద్దరం పక్కపక్కన కూర్చుని పని చేశాం. మధ్యలో ఆమె ఒకసారి యాకూబ్ పేరెత్తి నవ్వింది. ఈ ఆరేళ్లలో ఈ ఇంట్లో వాడి పేరు మీద ఎవరూ నవ్వలేదు. నేను కళ్లలో రబ్బరు రజను పడిందని బయటికి వచ్చాను.

ఊళ్లో పారేసిన చెప్పులన్నీ ఇప్పుడు మా దుకాణంలోనే ఉన్నాయి. నా బుర్ర పోయిందని లింగస్వామి అందరికీ చెబుతున్నాడు. చెప్పనీ. సైదులు లారీలో బియ్యం సంచి ఒకటి పంపుతున్నాను. అందులో ఉన్నది బియ్యం కాదు, కప్పలు. పొట్ట కింద సీసం పెట్టినవి, ఒరగవు.

షరీఫా షరతులు ఇవి. ఒంటరిగా పోవద్దు, ఆమె కట్ట మీద కూర్చుంటుంది. ఎర్ర కొర్రమట్ట పిల్లల గుంపు కనిపిస్తే ఆ దిక్కు వేయొద్దు. చేపలు మారెమ్మకు సగమే, సగం ఇంటికి. దర్గాకు ఇద్దరూ పోయి తప్పిన ఒట్టుకు మాఫీ అడుక్కోవాలి. చివరిది నా షరతు. తగులుకుంటే తెంపెయ్. ఎంత మంచి కప్ప అయినా, ఎన్ని చేపలు తెచ్చినదైనా, నీళ్లలో కాలు పెట్టకుండా దారం తెంపెయ్. నేను చెక్కుతాను. నా కళ్లు కనిపించినన్నాళ్లూ చెక్కుతూనే ఉంటాను.

22వ తేదీ గురువారం పొద్దుటి బస్సుకు షరీఫా బయలుదేరుతోంది. పెట్టెలో దుప్పటి పెట్టుకుంది, చలికాలం నీ దగ్గరే. ఇక్కడ కొత్త చెప్పులు కొనిస్తానంటే వద్దన్నది, "ఆయన్నే కొననియ్యి" అని ఉత్త కాళ్లతో వస్తోంది. బస్టాండులో రోడ్డు ఎండకు కాలుతుంది. నువ్వు ముందే వచ్చి, చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడు.

రెండు కాళ్లవీ కొను.

నీ మామ
అబ్దుల్ హమీద్